జవాబు రాకపోతే బాగున్నట్టే

రొయ్య పిల్లల్ని పుట్టించి రైతులకు అమ్మే మా హ్యాచరీలో మెయిల్ సర్వర్ ఆల్గే గదిలో ఉంటుంది. అదేం చోటని నవ్వకండి. ఏసీ ఉన్నది ఆ గదికొక్కదానికే. రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆకుపచ్చటి నాచును గాజు సీసాల్లో పెంచే గది అది. మైపాడు సముద్రం మా వెనక గోడకు నాలుగు వందల అడుగుల్లో ఉంది. ఉప్పుగాలి తగిలిన ఫ్యాను ఏదైనా సరే ఆరు నెలలకు మించి తిరగదు. అందుకని నాచూ సర్వరూ ఒకే ఏసీ కింద కాపురం చేస్తున్నాయి. ఆ గది తాళాలు రెండు. ఒకటి నాచునూ పిల్లల ట్యాంకులనూ చూసుకునే ఫేబీ దగ్గర, ఇంకొకటి కంప్యూటర్లు చూసుకునే నా దగ్గర ఉంటాయి.

నా పేరు పరంజ్యోతి. నెల్లూరులో ఒక కంప్యూటర్ షాపులో ఏడేళ్ళు పనిచేసి, ఆ షాపు మూతపడ్డాక ఇక్కడ తేలాను. రొయ్యల గురించి నాకు తెలిసింది తినడం వరకే. కానీ హ్యాచరీలో చేరినవాడు ఏదో ఒకటి చెప్తూ ఉండాలి కదా, గేటు దగ్గరికొచ్చిన రైతులు నన్ను కూడా అడుగుతారు, నేనూ తెలిసినట్టే చెప్తాను. నా నోటిదూల నాకు తెలుసు. ఈ కథ చెప్పడం కూడా ఆ దూలతోనే అనుకోండి.

ఇంత చిన్న సంస్థకు సొంత మెయిల్ సర్వర్ ఎందుకంటే, అది మా ఓనరు విజయభాస్కర్ గారి అనుమానం. అయిదేళ్ళ కిందట మేము ఎవరికి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, ఇవ్వబోతున్నామో పక్క హ్యాచరీ వాళ్ళకు ముందే తెలిసిపోయేదట. ఎవరు చేరవేశారో తేలలేదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి మనుషుల్నీ ఫోన్లనీ నమ్మడం మానేశారు. మన ఉత్తరాలు మన గోడల మధ్యే ఉండాలని తీర్మానించి సర్వర్ పెట్టించారు. నెల్లూరులో మా రొయ్య పిల్లలకు వైరస్ పరీక్ష చేసే ల్యాబ్ ఒకటుంది, వాళ్ళ చేత కూడా కాగితం రాయించుకున్నారు. ఫలితం ఫోన్లో ఎవరికీ చెప్పకూడదు, మా సర్వర్ మీదున్న ఒకే ఒక్క చిరునామాకు మెయిల్‌గా రావాలి, అంతే.

పైగా ఆయనకు ఓపిక తక్కువ. ల్యాబ్ నుంచి రోజూ ఫలానా ట్యాంకు బాగుంది, ఫలానా ట్యాంకు బాగుంది అని మెయిల్స్ వస్తుంటే విసుక్కునేవారు. "బాగుండేదానికి మెయిలెందుకయ్యా? చెడిపోయుంటే చెప్పమను. మూడు రోజుల్లో చెప్పలేదంటే బాగున్నట్టే" అన్నారు. ల్యాబ్ వాళ్ళకూ పని తగ్గింది, ఒప్పుకున్నారు. బాగున్నవాటి కాగితాలన్నీ నెలాఖరుకు ఒక కట్టగా వచ్చేవి. రెండేళ్ళుగా ఇదే పద్ధతి. ఎవరికీ ఇబ్బంది రాలేదు కాబట్టి మంచి పద్ధతే అనుకున్నాం.

ఇక నా సంగతి. నా ఉద్యోగంలో నేను ప్రేమగా చూసుకునేది చెత్త మెయిల్స్‌ను ఆపే స్పామ్ ఫిల్టర్ ఒక్కటే. మెయిల్ రాగానే ఈ ఫిల్టర్, పంపిన కంప్యూటర్ నంబరు తీసుకుని, బయట ఎక్కడో ఉండే చెడ్డవాళ్ళ జాబితా ఒకదాన్ని అడుగుతుంది, వీడు మీ దగ్గర ఉన్నాడా అని. ఆ అడగడం డీఎన్ఎస్ ద్వారా జరుగుతుంది. డీఎన్ఎస్ అంటే పెద్ద విషయమేం కాదు, ఇంటర్నెట్లో పేరు చెప్తే నంబరు వెతికిపెట్టే ఏర్పాటు. జాబితాలో లేనివాడైతే జవాబేమీ రాదు, మెయిల్ లోపలికొస్తుంది. జవాబుగా ఏదైనా నంబరు వచ్చిందంటే వాడు చెడ్డవాడు. అంటే ఇక్కడా మా ఓనరు గారి పద్ధతే. జవాబు రాకపోతే బాగున్నట్టే.

చెత్త మెయిల్స్‌ను కొంతకాలం ఒక పక్కన దాచి ఉంచేవాణ్ణి. కిందటేడు డిస్కు నిండిపోయి సర్వర్ రెండుసార్లు ఆగింది. కొత్త డిస్కు అడిగితే ఓనరు గారు నా వైపు ఒక చూపు చూశారు. చెత్తను దాచుకోవడం ఎందుకులే అని, వచ్చింది వచ్చినట్టే పారేసేలా మార్చాను. పంపినవాడికి కబురు వెళ్ళదు, మాకూ తెలియదు. తెలివైన పనే చేశాననుకున్నాను.

మా ప్రాంతంలో మెయిల్ పంపడమంటే సగం పని చేసినట్టు. మిగతా సగం ఫోన్ చేసి "మెయిల్ పెట్టినా, చూసుకోండి" అనడం. ఫోన్ చేస్తేనే అది చేరినట్టు. ఎవరిదైనా రాకపోతే నాకు అక్షింతలు పడేవి. ఆ తిట్లు పడలేక, ఫోన్ చేసిన ప్రతివాడి చిరునామానూ మనవాళ్ళ జాబితా అని ఒకటి పెట్టి అందులో వేసేవాణ్ణి. ఆ జాబితాలో ఉన్నవాళ్ళను ఫిల్టర్ ఏమీ అడగదు, నేరుగా లోపలికి పంపుతుంది. మూడేళ్ళలో ఆ జాబితా నాలుగు వందల పేర్లు దాటింది. మేత కంపెనీ వాళ్ళు, లారీల వాళ్ళు, బ్యాంకు, ఆడిటరు, ఓనరు గారి బావమరిది, అందరూ ఉన్నారు. ల్యాబ్‌లో పనిచేసే నవోమి కూడా ఉంది, ఎందుకంటే పాపం తనూ పంపగానే ఫోన్ చేసేది.

ఈ సంవత్సరం మొదట్లో ల్యాబ్ వాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. ఫలితం తేలగానే అదే మెయిల్ పంపుతుంది, వేరే కొత్త చిరునామా నుంచి. నవోమి పంపే పని లేదు, ఫోన్ చేసే పని అసలే లేదు. సాఫ్ట్‌వేర్ ఫోన్ చేయదు కదా. దాని పేరు నా జాబితాలోకి ఎక్కలేదు.

జనవరి నెలాఖరున మా పాత ఇంటర్నెట్ లైను తెగింది. ఊళ్ళో కేబుల్ నడిపే కిషోర్ బాబు కొత్త కనెక్షన్ ఇచ్చాడు. వాడు బిగించి వెళ్ళిన మర్నాటి నుంచి నా ఇన్‌బాక్స్ అద్దంలా మెరిసిపోయింది. ఒక్క చెత్త మెయిల్ లేదు. లాటరీలు లేవు, మందుల ప్రకటనలు లేవు. నేను ఫేబీని పిలిచి మరీ చూపించాను. "చూడు, మూడేళ్ళ నా కష్టం. ఇప్పటికి కుదిరింది ఫిల్టర్" అన్నాను. ఫేబీ సీసాలు కడుగుతూ, "మంచిదే అన్నా" అంది.

చెంచమ్మక్క వచ్చింది ఆ తర్వాత అయిదో రోజున, సోమవారం పొద్దున.

చెంచమ్మది కాలవ పక్కనే రెండెకరాల గుంట. ఒకప్పుడు వరి మడి. ఉప్పు ఎక్కి వరి రావడం మానేశాక రొయ్యల గుంట తవ్వించారు. ఆమె భర్త ఓబులేసుకు మొదటి నుంచీ అది ఇష్టం లేదు. గుంట పని మొత్తం ఆమెదే. మేత చల్లేది, నీళ్ళు మార్చేది, రాత్రి కరెంటు పోతే లేచి జనరేటర్ వేసేది, అన్నీ ఆమే. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ వైరస్‌తో పోయాయి. తెల్లమచ్చ పడిందంటే వారంలో గుంటంతా చచ్చి తేలిపోతుంది. ఈ మూడోది కూడా పోతే గుంట పూడ్చి నేల అమ్మేద్దామని ఓబులేసు అన్నాడు, ఆమె సరేనంది. ఈ సంగతి ఆమె నాతో గేటు దగ్గర నిలబడి చెప్పింది. చెప్పి, "టెస్టు ఎట్ట వొచ్చింది తమ్ముడూ? నిజం జెప్పు" అంది.

ఆమెకు ఇవ్వాల్సిన పిల్లలు అయిదో ట్యాంకులోవి. అన్ని ట్యాంకుల శాంపిళ్ళూ గురువారమే వెళ్ళాయి. నేను లోపలికి వెళ్ళి ఇన్‌బాక్స్ తెరిచాను. ల్యాబ్ నుంచి ఏమీ లేదు. మూడు రోజులు దాటింది. బయటికొచ్చి, "ఏం రాలేదక్కా. రాలేదంటే బాగుండాయనే" అన్నాను.

"నువ్వు జూసినావు గదా?"

"ఇప్పుడే చూసొచ్చినా."

ఆమె మొహం తేటపడింది. సంచుల్లో ఆక్సిజన్ నింపి పిల్లల్ని ప్యాక్ చేస్తుంటే ఆమె ఒక్కో సంచినీ ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. రెండు లక్షల పిల్లలు. వాటి మీద కొసరు ఉంటుంది. హ్యాచరీలన్నీ ఇస్తాయి, బోనస్ అని మా వాళ్ళు పెద్దగా పేరు పెట్టారు గానీ అది కూరగాయల అంగట్లో చేతికి వేసే కొసరే. దానికి రసీదు ఉండదు, రిజిస్టరులో ఎక్కదు, ఎంత వెయ్యాలో అక్కడ నిలబడినవాళ్ళ మనసు. రెండు పంటలు పోగొట్టుకున్న మనిషి కదా అని నాకు జాలేసింది. "ఫేబీ, అక్కకి కొసరు గట్టిగా వెయ్యి" అని కేకేశాను. ఫేబీ ముప్పై వేలు వేసింది. చెంచమ్మక్క నా చెయ్యి పట్టుకుని, "సల్లగా ఉండు నాయనా" అంది. ఆటోలో సంచుల మధ్య ఇరుక్కుని కూర్చుని వెళ్ళిపోయింది.

ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.

పది రోజుల తర్వాత, గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు నవోమి ఫోన్ చేసింది. "పరంజ్యోతన్నా, మా సిస్టం మీకు మూడు మెయిల్స్ పంపిందంట. ఒక్కదానికీ మీరు చూసినట్టు రాలేదు. నా లిస్టులో ఎర్రగా కనపడతా ఉంది. చూసుకోలేదా?"

"ఏం మెయిల్స్?"

"మీకు ఏం మెయిల్స్ వస్తాయో మీకు తెలుసు గదన్నా."

"ఏ ట్యాంకు నవోమీ?"

"ఫోన్లో చెప్పకూడదన్నా. మీ సారే గదా రాయించింది. నా ఉద్యోగం పోతుంది."

"నా సొంత మెయిల్‌కి పంపమ్మా, కాళ్ళు పట్టుకుంటా."

"ఫలితం సిస్టమే పంపాల, రిజిస్టర్ అయిన చిరునామాకి తప్ప పోదు. మార్చాలంటే మీ సారు సంతకం కావాల. ఇప్పుడే మళ్ళీ పంపిస్తున్నా, చూడండి."

పంపింది. నేను తెర ముందు కూర్చున్నాను. పది నిమిషాలైనా రాలేదు. ఓనరు గారికి ఫోన్ చేశాను. ఆయన తల్లి రొయ్యలు తీసుకురావడానికి చెన్నై వెళ్ళారు. విమానంలో దిగిన తల్లి రొయ్యల్ని అయిదు రోజులు వేరుగా ఉంచే కేంద్రం అది, లోపలికి వెళ్ళేవాళ్ళ ఫోన్లు గేటులోనే తీసి పెట్టుకుంటారు. మధ్యాహ్నం దాకా ఆయన దొరకరు.

సర్వర్ లాగ్ తెరిచాను. లాగ్ అంటే సర్వర్ తను చేసిన ప్రతి పనినీ వరసగా రాసుకునే చిట్టా. అక్కడ ఉన్నాయి. ల్యాబ్ కొత్త చిరునామా నుంచి మొదటిది ఆదివారం సాయంత్రం ఆరుంపావుకు, అంటే చెంచమ్మక్క రావడానికి ముందు రోజు. తర్వాత నాలుగు రోజులకొకటి చొప్పున రెండు. ఇప్పటిది నాలుగోది. ప్రతిదాని పక్కనా ఒకే మాట, స్పామ్, పారవేయబడింది. పంపినవాడి పేరుంది, టైముంది, మెయిల్ ఎంత పొడుగో కూడా ఉంది. లోపల ఏం రాసుందో మాత్రం లేదు. ఉండే వీలు నేనే తీసేశాను.

ఆ పదిహేను రోజుల్లో అలా పారేసినవి ఆరు వందల చిల్లర. నా జాబితాలో ఉన్న నాలుగు వందల మందివి మాత్రం భద్రంగా వచ్చాయి. అందుకే ఒక్కడూ ఫోన్ చేసి తిట్టలేదు. తిట్టేవాళ్ళందరినీ నేను ముందే లోపల పెట్టేసుకున్నాను. ఎవరి మెయిల్స్ పోయాయో వాళ్ళు ఫోన్ చేసే రకం కాదు.

ఇక వెతకడం మొదలుపెట్టాను. చేత్తోనే ఆ చెడ్డవాళ్ళ జాబితాను అడిగాను, ల్యాబ్ చెడ్డదా అని. ఒక నంబరు జవాబొచ్చింది. చెడ్డదట. నెల్లూరు బ్యాంకు చెడ్డదా? చెడ్డదే. నా సర్వర్ చెడ్డదా? అదీ చెడ్డదే. ఎవరికీ ఉండని ఒక నంబరు పెట్టి అడిగాను. అది కూడా చెడ్డదే అంది. అందరికీ వచ్చింది ఒకే నంబరు. ఆ జాబితా వాళ్ళ సైటులో ఆ నంబరుకు అర్థం వెతికాను. మీరు చెడ్డవాళ్ళని కాదు దాని అర్థం. ఈ దారిన వచ్చి అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, మీకు జవాబు చెప్పం, అని. చెప్పం అని చెప్పడానికి వాళ్ళు వాడిన నంబరును నా ఫిల్టర్ అవును అనుకుంది.

కిషోర్ బాబు కొత్త లైను ఇచ్చినప్పుడు డీఎన్ఎస్ కూడా తనకు నచ్చినదానికి తిప్పాడు. ఈ తీరమంతా వాడి కనెక్షన్లే. అందరి ప్రశ్నలూ ఒకే తలుపు గుండా వెళ్తున్నాయి. సరే, నా సర్వర్‌లో ఆ తలుపు మార్చాను. మళ్ళీ అడిగాను. అదే నంబరు. ఇంకొకటి మార్చాను. అదే. వాడి రౌటర్, నేను ఎవరిని అడిగినా మధ్యలో పట్టుకుని తన దారినే పంపుతోంది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు గంటన్నర పట్టింది. గంటన్నరా ఆ ఏసీలో చెమటలు పోశాయి. ఫేబీ వచ్చి వెనక నిలబడి, "ఏమైందన్నా?" అంటే కసిరాను.

కిషోర్ బాబుకు ఫోన్ చేశాను.

"నెట్ వస్తా ఉందా లేదా అన్నా?"

"నెట్ వస్తా ఉంది. నీ రౌటరు నా డీఎన్ఎస్‌ని..."

"యూట్యూబ్ ఆడతా ఉందా?"

"ఆడతా ఉందిరా అయ్యా. అది కాదు..."

"మరింకేంది? ఆడుతుంటే లైను బాగున్నట్టే. నేను గూడూరులో పెళ్ళికాడ ఉండా. రేపు వొచ్చి చూస్తాలే" అని పెట్టేశాడు. నిజానికి వాడి లైను బాగానే ఉంది.

ఆ చెడ్డవాళ్ళ జాబితాను అడగడమే మానెయ్యమని ఫిల్టర్‌కు చెప్తే సరిపోతుంది. ఒక్క లైను. ఆ సంగతి నాకు మొదటి పావుగంటలోనే తెలుసు. అది తీసేస్తే చెత్తంతా వచ్చి పడుతుందని, నా ఫిల్టర్ మళ్ళీ మామూలుదైపోతుందని, ఎలాగైనా సరిచేసి నిలబెట్టుకుందామని పాకులాడాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ల్యాబ్ కొత్త చిరునామాను మనవాళ్ళ జాబితాలో వేసినా నిమిషంలో పనైపోయేది, ఆ కంగారులో అది తట్టనే లేదు. పన్నెండున్నరకు ఆ ఒక్క లైనూ తీసేశాను. రెండు నిమిషాల్లో ఇన్‌బాక్స్‌లోకి లాటరీ మెయిల్ ఒకటి వచ్చింది. దాన్ని చూసి కళ్ళనీళ్ళు తిరగడం నా జీవితంలో అదే మొదలు.

నవోమి భోజనానికి వెళ్ళిందన్నారు. వచ్చాక మళ్ళీ పంపమని చెప్పమన్నాను. రెండుంపావుకు మెయిల్ వచ్చింది. వెంటనే తెరిచాను. తెల్లమచ్చ వైరస్ ఉన్నది. ట్యాంకు నంబరు ఏడు.

ఏడు! అయిదు కాదు, ఏడు. నేను కుర్చీలో వెనక్కి వాలి "స్తోత్రం ప్రభువా" అని పైకే అన్నాను. ఏడో ట్యాంకు గూడూరు పార్టీది. వాళ్ళ గుంటలు సిద్ధం కాక వాయిదా వేసుకుంటూ వచ్చారు, ఎల్లుండి తీసుకెళ్ళాలి. పిల్లలన్నీ ట్యాంకులోనే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఓనరు గారు ఫోన్ చేశారు. జరిగిందంతా చెప్పాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం వినపడింది. "దేముడు కాపాడినాడు. ఏడులో బ్లీచింగ్ పోసి చంపెయ్యండి. ఫేబీకి ఫోనియ్యి" అన్నారు.

నేను ఫోన్ స్పీకర్లో పెట్టి తిరిగి చూశాను. ఫేబీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు లేదు.

"ఏంది ఫేబీ?"

"ఆ రోజు అయిదులో అడుగంటిందన్నా. రెండు లక్షలు పట్టేసరికి అయిపొయినాయి. నువ్వేమో కొసరు గట్టిగా వెయ్యమంటివి. ఏడులోంచి పట్టినా."

ఫోన్లోంచి ఓనరు గారే ముందు మాట్లాడారు, గొంతు బాగా తగ్గించి. "రిజిస్టర్లో ఉందా?"

"కొసరు రాయం గదా సార్."

"రాయలేదు గదా. ఆమెకి మనం ఇచ్చింది అయిదో ట్యాంకు. అయిదు బాగుండాది, నెలాఖరుకు కాగితం కూడా వస్తుంది. ఇద్దరూ గమ్మునుండండి. పరంజ్యోతీ, నీకే చెప్తుండా. నీ మెయిల్ సంగతి నేనొచ్చినాక మాట్లాడతా."

నేను సరే సార్ అన్నాను. అనేశాను. ఫోన్ పెట్టాక ఫేబీ ఏడవడం మొదలుపెట్టింది. నీ తప్పు కాదని చెప్పాను. నాది కాదని ఎవరైనా చెప్తే బాగుండుననిపించింది. ఆదివారం మెయిల్ చేరి ఉంటే సోమవారం ఏడో ట్యాంకు దగ్గరికి ఎవరూ పోయేవాళ్ళు కాదు. నేను నోరు మూసుకుని ఉంటే కొసరు అయిదులో మిగిలినంతే పడేది. ఈ రెండు తప్పుల్లో ఒక్కటి జరగకపోయినా చాలు. రెండూ నా చేతుల మీదే జరిగాయి.

నాలుగింటికి బండి తీశాను. చెప్పడానికి వెళ్తున్నానో ఊరికే చూడ్డానికి వెళ్తున్నానో దారిలో నాకే తెలియలేదు. కాలవ గట్టు మీద వరసగా గుంటలు. ఒక గుంట వదిలిన నీళ్ళే కాలవలో కలిసి పక్క గుంటకు వెళ్తాయి. చెంచమ్మక్కది ఆ వరసలో మూడోది. దాని కింద ఇంకా పదకొండు ఉన్నాయి.

ఆమె చెక్క వంతెన చివర గొంతుక్కూర్చుని ఉంది. మేత తిన్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించే పళ్ళెం ఒకటుంటుంది, చెక్ ట్రే అంటారు. దాన్ని అప్పుడే పైకి లాగింది. నన్ను చూసి నవ్వింది. "రా తమ్ముడూ, సమయానికొచ్చినావు. జూడు, పది రోజులకే ఎట్ట ఎగురుతుండాయో. పెట్టిన మేత పెట్టినట్టే తినేస్తుండాయి. ఈతూరి నిలబడతాయి."

పళ్ళెంలో పాతిక దాకా పిల్లలున్నాయి. చిటికెన వేలి గోరంత పొడవు. నిజంగానే ఎగురుతున్నాయి.

నేను చెప్పేశాను. డీఎన్ఎస్ అనీ జాబితా అనీ మొదలుపెట్టి, ఆమె మొహం చూసి అవన్నీ వదిలేసి, చివరి ముక్క చెప్పాను. "కొసరులో వైరస్ ఉండాదక్కా. కొన్నవి బాగుండాయి. కొసరు వేరే ట్యాంకులోంచి వేసినారు. నాకు మెయిల్ రాలేదు. రాలేదంటే బాగుందనుకున్నా."

ఆమె తిడుతుందని, ఏడుస్తుందని, గట్టు మీద పనిచేసేవాళ్ళను కేకేస్తుందని అనుకుంటూ నిలబడ్డాను. నన్ను కొట్టినా బాగుండేది. ఆమె ట్రేను మోకాళ్ళ మీద పెట్టుకుని అందులోకే చూసింది. గుంటలో తెల్లమచ్చ ఉందని తెలిస్తే ఏం చెయ్యాలో ఆమెకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు బయటికి పోకుండా తూము మూసి, బ్లీచింగ్ పోసి, రెండు లక్షల ముప్పై వేలనూ చంపాలి. చెయ్యకపోతే కింద పదకొండు గుంటలు. రెండుసార్లు చేసిన మనిషి.

"మళ్ళీ టెస్టు చేయిస్తేనో?" అంది.

"మూడు రోజులు పడుతుందక్కా. చేయిద్దాం. రేపే నేనే తీసుకెళ్తా."

"ఒకవేళ అంటుకోకుండా ఉంటే?"

"ఉండొచ్చక్కా" అన్నాను. ఉండదని ఇద్దరికీ తెలుసు.

"కొసరు ఎన్ని ఏసినారు?"

"ముప్పై వేలు."

"నేను కొన్నవి రెండు లక్షలు. అవి బాగుండాయంటివి గదా?"

"బాగుండాయక్కా."

ఆమె తల ఎత్తింది. కళ్ళలో కోపం లేదు, నీళ్ళు కూడా లేవు. పని చెప్పించుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషి చూసినట్టు చూసింది.

"అయితే కొసరు ఏవో జెప్పు తమ్ముడూ. ఎన్నాళ్ళు పట్టినా నేను ఏరేస్తా."

ట్రే నా ముందుకు జరిపింది. అన్నీ ఒకే పొడవు, ఒకే రంగు, అన్నీ ఎగురుతూనే ఉన్నాయి. నేను ఆమె పక్కనే చెక్క మీద కూర్చుని, వంగి, ఒక్కోదాన్నీ చూడడం మొదలుపెట్టాను.